బాలింతలు చెప్పుకోని బాధ

మా ఊరు భట్టిప్రోలు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలో వస్తుంది. బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. 1892లో అలెగ్జాండర్ రీ అనే దొర అక్కడి దిబ్బ తవ్వించినప్పుడు బయటపడిన ధాతు కరండాల మీద అక్షరాలున్నాయి. తెలుగు లిపి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాళ్ళెవరూ భట్టిప్రోలు పేరెత్తకుండా ముందుకు పోరు. అలాంటి ఊళ్ళో పుట్టి, బి.ఏ. చదివి, నాలుగు కథలు అచ్చులో చూసుకున్న నాకు 2013లో ఒక నొప్పి వచ్చింది. అది ఫలానా అని చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు!

అప్పుడు నేను పాపకి పది రోజుల బాలింతను.

తొలి కాన్పు కదా, ఆనవాయితీ ప్రకారం పుట్టింట్లోనే. తెనాలిలో ఒక నర్సింగ్ హోములో నార్మల్ డెలివరీ అయింది. కుట్లు పడ్డాయి. నాలుగో రోజు ఇంటికి పంపేస్తూ మాత్రల పొట్లం చేతిలో పెట్టారు. ఐరన్, కాల్షియం, ఏవో యాంటీబయాటిక్స్. ఎప్పుడేసుకోవాలో చెప్పారు. విరేచనం సంగతి మాత్రం వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. కుట్లు ఎక్కడ తెగిపోతాయోనన్న భయంతో రెండు రోజులు బిగబట్టాను. ఆరో రోజు ఇక తప్పక వెళ్తే, బ్లేడుతో గీసినట్టయింది. అది క్షణం సేపే. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. కారం రాసినట్టు మంట, లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు పోటు. రెండు గంటలు మంచం మీద అటూ ఇటూ పొర్లాను. కుట్ల నొప్పి అనుకుంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను. రక్తం కనిపించినా పురిటి రక్తమే అనుకున్నాను. ఆ రోజుల్లో ఏది ఎక్కడి నుంచి వస్తోందో ఎవరు చూసుకుంటారు?

అమ్మ మాట

అమ్మ నన్ను కష్టపెట్టాలని ఏదీ చేయలేదు. ఆ మాట ముందే చెప్పాలి. తను నన్ను కన్నప్పుడు మా అమ్మమ్మ తనకేం చేసిందో అదే నాకూ చేసింది. పొద్దున్నే కాయం ఉండ. మధ్యాహ్నం వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, నెయ్యి వేసిన వేడన్నం. పాలు పడాలని నిజాంపట్నం వైపు నుంచి సొరచేప తెప్పించి సొరపిట్టు. నడుముకి బిగించి కట్టు. మంచినీళ్ళు మాత్రం మాత్ర మింగడానికి సరిపడా, అవీ కాచినవి. "నీళ్ళు తాగితే పొట్ట జారుతుందే, పిల్లకి జలుబు చేస్తుంది" అనేది. ఆకుకూర వద్దు, వాతం. పండు వద్దు, చలవ. మజ్జిగ మాటే ఎత్తకూడదు.

కొల్లూరు లంకల నుంచి అరటి గెలలు వేసుకుని లారీలు మా ఊరి మీదుగా పోతూనే ఉండేవి. వీధి గదిలో మంచం మీద పడుకుని వాటి చప్పుడు వింటూ, ఒక్క పండు ఇస్తే బాగుండును అనుకునేదాన్ని. అడిగితే అమ్మ చూసే చూపు తెలుసు కాబట్టి అడగలేదు.

ఇంత పొడి తిండికి, అంత తక్కువ నీళ్ళకి, పైన ఐరన్ మాత్ర. విరేచనం రాయిలా కాక ఇంకెలా అవుతుంది చెప్పండి? ఆ రాయి చీరుకుపోయిన చోటే రోజూ మళ్ళీ చీరుతుంది.

నాలుగు రోజులకి నాకో ఉపాయం తోచింది. తినడం తగ్గిస్తే వెళ్ళే పనే ఉండదు కదా! రాత్రి అన్నం మానేశాను. మూడు రోజులకొకసారి వెళ్ళేదాన్ని. వెళ్ళాలంటే నాన్న పేపరు చదువుకునే వరండా దాటి దొడ్లోకి పోవాలి. లోపల నేను నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తుంటే బయట పంపు తిప్పి వదిలేసేదాన్ని, చప్పుడు వినపడకుండా. ఒక రోజు నాన్న "అమ్మాయ్, నీళ్ళు పోతున్నాయే" అని అరిచారు. ఆయనకేం తెలుసు!

ఇంకో వారానికి తుడుచుకునేటప్పుడు వేలికి చిన్న బుడిపె తగిలింది. అప్పుడు గుండె జారిపోయింది. నెమ్మదిగా అమ్మ చెవిలో వేశాను. అమ్మ మా నాయనమ్మతో అంది. నాయనమ్మ ఒక్క క్షణంలో తేల్చేసింది, "మొలలే. వాళ్ళ మేనత్తకీ ఉండేవి."

ఇక చూసుకోండి వైద్యాలు! పసుపు, వేపాకు నూరి పెట్టమంది నాయనమ్మ. ఆ మంట పగవాళ్ళకి కూడా వద్దు. అమ్మ ఆముదం పట్టించింది. అది తాగితే రోజంతా నీళ్ళ విరేచనాలు. గట్టిగా అయినా చీరుతుంది, పలుచగా పదిసార్లయినా ఒరుచుకుపోతుందని ఆ రోజు తెలిసింది. ఊళ్ళో సూది మందు వేసే ఒకాయన వివరం అడక్కుండానే మొలల పూత మందు ఇచ్చాడు. గోడల మీద చూస్తూనే ఉంటాం కదా, 'మొలలు, ఫిషర్, ఫిస్టులా ఆపరేషన్ లేకుండా నయం' అని. మా పిన్ని ఆ ఫోను నంబరు కూడా రాసుకొచ్చింది. ఆ నంబరుకి ఫోను చేయకపోవడం నా అదృష్టం. చదువు లేనివాళ్ళు అక్కడ సూదులు గుచ్చినా, తాడు కట్టినా, కాల్చినా ఏ కండరం ఎంత పోతుందో ఎవరికీ తెలియదు.

వీటన్నిటికన్నా నన్ను కుంగదీసింది పాల గొడవ. కూర్చోలేను, కూర్చుంటే పోటు. పాపని ఒళ్ళో వేసుకుని రొమ్ము అందించేసరికి ఒళ్ళు బిగుసుకుపోయేది. పాలు దిగేవి కావు, అది గుక్కపట్టి ఏడ్చేది. "పాలు చాలడం లేదు, డబ్బా పాలు మొదలుపెట్టు. నొప్పితో ఇచ్చిన పాలు పిల్లకి వేడి" అని వచ్చినవాళ్ళల్లా సలహా. ఒక డబ్బా తెచ్చి అలమరలో పెట్టారు కూడా. దాన్ని చూసినప్పుడల్లా నేను తల్లిగా పనికిరాననిపించేది.

"ఎందుకు కూర్చోలేదమ్మా?"

నెలన్నరకి పాప టీకా కోసం తెనాలి వెళ్ళాం. రైల్లో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. వేమూరు, జంపని దాటి తెనాలి వచ్చేదాకా తలుపు పక్కన నిలబడే ఉన్నాను. పాపని అమ్మ ఎత్తుకుంది. పిల్లల డాక్టరుకి చూపించాక, పనిలో పనిగా కుట్లు చూపించుకుందామని ఒక లేడీ డాక్టరు దగ్గరకి వెళ్ళాం. గది బయట బెంచీ ఉంది. నేను గోడకానుకుని నిలబడ్డాను. ఆవిడ లోపలికి పిలిచి మొదట అడిగిన మాట, "బయట గంట సేపు ఎందుకు కూర్చోలేదమ్మా?"

అంతే, ఏడ్చేశాను.

ఆవిడ పరీక్ష చేసింది. వేలు పెట్టలేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి మెల్లగా విడదీసి చూసింది, అంతే. "ఇది మొలలు కాదమ్మా. చీలిక, ఫిషర్ అంటారు. ఆ బుడిపె ఉందే, అది చీలిక చివర పెరిగిన చర్మం. దాన్ని చూసే అందరూ మొల అనుకుంటారు" అంది. తర్వాత ఆవిడ చెప్పిన సంగతి నేను ఎప్పటికీ మర్చిపోను. మలద్వారం చుట్టూ మన చెప్పుచేతల్లో లేని కండరం ఒకటి ఉంటుంది. గాయమైతే అది బెదిరి బిగుసుకుంటుంది. బిగుసుకుంటే ఆ చోటికి రక్తం సరిగ్గా అందదు. రక్తం అందని గాయం మానదు. మానని గాయం మీద మర్నాడు మళ్ళీ గట్టి విరేచనం. "కూరగాయలు తరుగుతూ తెగిన వేలుని రోజూ అదే చోట మళ్ళీ తెగ్గోసుకుంటే మానుతుందా?" అంది.

మొలలంటే ఉబ్బిన రక్తనాళాలు. లోపలి మొలలు రక్తం పోయినా సాధారణంగా ఇంత నొప్పి పెట్టవు. చీలికలో రక్తం కొంచెం, ఎర్రగా, బొట్లుబొట్లుగా. నొప్పి మాత్రం ప్రాణాంతకం. ఈ తేడా ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే నెలరోజుల నరకం తప్పేది.

ఇది నా ఒక్కదాని బాధ అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, ఫ్రాన్సులో 165 మంది తల్లుల్ని పరీక్షించి 2002లో ప్రకటించిన పరిశోధనలో దాదాపు మూడో వంతు మందికి కాన్పు తర్వాత చీలికో, గడ్డకట్టిన మొలో కనిపించాయట. మలబద్ధకంతో ముక్కేవాళ్ళకి ముప్పు మరీ ఎక్కువట. సిజేరియన్ అయిన వాళ్ళకీ రావచ్చు. మన ఆయుర్వేదంలో దీనికి పేరు కూడా ఉంది, పరికర్తిక. కత్తిరించినట్టుండే నొప్పి అని అర్థం. కాశ్యప సంహితలో గర్భిణులకొచ్చే బాధల్లో దాన్ని చెప్పారు. అన్ని వందల ఏళ్ళ కిందటే పేరు పెట్టారు, మనమేమో చెంగు నోట్లో కుక్కుకుంటున్నాం!

నేను చేసినవి

డాక్టరు మొదట నన్ను వదిలేసి అమ్మ వైపు తిరిగింది. "అమ్మగారూ, మీరేం పెడుతున్నారు?" అని అడిగి అంతా విని, కోప్పడలేదు. "నెయ్యి, వెల్లుల్లి, సొరపిట్టు అన్నీ పెట్టండి. పచ్చి కూర, పండు, నీళ్ళు కూడా చేర్చండి" అంది. తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీళ్ళే. తల్లిపాలే తాగే పాప రోజుకి ముప్పావు లీటరు దాకా తాగుతుంది. తల్లి కాస్త తక్కువ తాగినా పాలు వెంటనే తగ్గిపోవు, శరీరం పాలకే ముందు వాటా ఇస్తుంది. కోత పడేది తల్లి పేగుల్లో నీటికి. "పాలు తగ్గలేదమ్మా. నొప్పికి నీ ఒళ్ళు బిగుసుకుని పాలు దిగడం ఆలస్యమవుతోంది" అని నాకు చెప్పినప్పుడు అలమరలో డబ్బా గుర్తొచ్చి పెద్ద బరువు దిగినట్టయింది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. నేను రాత్రి అన్నం మానేశాను!

పాపకి పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళు. ఇదే నేను పెట్టుకున్న గుర్తు. వేరే లెక్కలు ఆ నిద్రలేని రోజుల్లో గుర్తుండవు. పప్పులో తోటకూర, మునగాకు, ఆనపకాయ, బీరకాయ. బీరకాయ ఎలాగూ పథ్యం కూరే కాబట్టి అమ్మకి పేచీ లేదు. జామకాయ, బాగా పండిన బొప్పాయి, అరటిపండు. బొప్పాయి దగ్గర అమ్మ ఆగిపోయింది. పాలిచ్చేటప్పుడు పండిన బొప్పాయికి భయం లేదని డాక్టరు చెప్పినా, రెండు వారాలకి గాని ఇంట్లోకి రానివ్వలేదు. వాటి వల్ల పాపకి జలుబూ చేయలేదు, ఏమీ చేయలేదు.

రాత్రి ఇసబ్‌గోల్ పొట్టు రెండు చెంచాలు, పెద్ద గ్లాసు నీళ్ళతో. నీళ్ళు తక్కువైతే అది లోపల గట్టిపడి మొదటికే మోసం. మొదటి రెండు వారాలు లాక్టులోజ్ సిరప్ కూడా ఇచ్చింది. ఈ రెండూ పేగుల్లోనే పనిచేస్తాయి, ఒంటికి పెద్దగా పట్టవు కాబట్టి పాలిచ్చే తల్లి నిశ్చింతగా వాడొచ్చు. ఐరన్ మానేస్తానన్నాను. ససేమిరా అంది. కాన్పులో పోయిన రక్తం పూడాలి కదా. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ వేసుకోవాలని ప్రభుత్వం కూడా చెబుతోంది. మరీ మలబద్ధకం చేస్తుంటే రకం మారుస్తారు, డాక్టరుని అడగాలి గాని మనంతట మనం ఆపకూడదు. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

అన్నిటికన్నా హాయినిచ్చింది గోరువెచ్చని నీళ్ళ తొట్టి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నాలుగంగుళాల నీళ్ళు పోసి, విరేచనానికి వెళ్ళొచ్చిన వెంటనే పది పదిహేను నిమిషాలు అందులో కూర్చోవడం. రోజుకి రెండు మూడుసార్లు. బిగిసిన ఆ కండరం వెచ్చదనానికి సడలుతుంది. ఉప్పు, డెట్టాలు ఏమీ వద్దు, ఉత్త నీళ్ళే. తర్వాత మెత్తని పాత చీర గుడ్డతో అద్దుకోవాలి, తుడవకూడదు.

డిల్టియాజెమ్ అనే పూత మందు రాసింది. అది మత్తు మందు కాదు, కండరాన్ని సడలించి రక్తం అందేలా చేసేది. రెండు వారాలకి నొప్పి తగ్గిందని నేను మానేయబోతే "ఆరు వారాలకి తక్కువ వాడితే నా దగ్గరకి రాకు" అంది. నైట్రోగ్లిజరిన్ అని ఇంకో పూత ఉంది, దాంతో కొందరికి తలనొప్పి వస్తుంది. ఏదైనా సరే, పాలిస్తున్నానని చెప్పి రాయించుకోవాలి, రాసుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కుని గాని పాపని ఎత్తుకోకూడదు. నొప్పి మాత్రల్లో పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పాలిచ్చే తల్లులకి ఫర్వాలేదు. కోడీన్, ట్రమడాల్ కలిసినవి వద్దు. 2017లో అమెరికా మందుల సంస్థ పాలిచ్చే తల్లుల్ని వాటి గురించి హెచ్చరించింది. పైగా అవి మలబద్ధకం చేస్తాయి కూడా.

పాలివ్వడానికి పక్కకి తిరిగి పడుకోమంది. "పడుకుని ఇస్తే పిల్ల చెవుల్లోకి పాలు పోవూ?" అని అమ్మ. పాపని కూడా మనవైపు తిప్పి పొట్టకి పొట్ట ఆనేలా, తల కాస్త ఎత్తుగా ఉంచితే ఏమీ పోవు. నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోవాలి. కూర్చోవాల్సిన నొప్పి లేకపోయేసరికి రెండో రోజే పాలు ధారగా దిగాయి. నాకంటే ముందు పాప ఒళ్ళు చేసింది!

పొద్దున్న ఏదైనా తిన్న అరగంటకి పేగులు కదులుతాయి. వెళ్ళాలనిపించిన క్షణమే వెళ్ళాలి. మనకిది అన్నిటికన్నా కష్టం. పాప ఏడుస్తుంది, పొయ్యి మీద పాలున్నాయి, వరండాలో మగవాళ్ళున్నారు... ఏదో ఒకటి. ఆ రోజు నుంచి అమ్మ పాపని తీసుకుని "నువ్వు వెళ్ళు ముందు" అని తరిమేది. కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్ళు ఎత్తుగా వచ్చి సులువవుతుంది. ముక్కకూడదు. ఐదు పది నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చేయడమే.

పదో రోజుకి మంట రెండు గంటల నుంచి పావుగంటకి దిగింది. రెండు నెలలకి పూర్తిగా మానింది. నాలుగో నెలలో ఒక పెళ్ళికి వెళ్ళి, బాత్రూముకి వెళ్ళాల్సి వస్తుందని పొద్దుట్నుంచీ నీళ్ళు తాగక మళ్ళీ చీలింది. తప్పు నాదే. ఈసారి తొట్టి, పొట్టు, పూత మొదటి రోజే మొదలెట్టాను. వారంలో సర్దుకుంది. ఆ బుడిపె మాత్రం చాలాకాలం ఉంది, దాని మానాన దాన్ని వదిలేశాను.

ఎప్పుడు పరుగెత్తాలి

చాలా చీలికలు ఇలాగే మానతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటినా మానకపోతే పాతబడిన చీలిక కింద లెక్క, సర్జన్‌కి చూపించాలి. కండరంలో కొద్దిగా కోసే ఆపరేషన్ ఉంది. కానీ కాన్పులో ఆ కండరం అప్పటికే దెబ్బతిని ఉండే వీలుంది కాబట్టి కొత్త బాలింతకి డాక్టర్లు తొందరపడరు. మిమ్మల్నెవరైనా మొదటి రోజే ఆపరేషన్‌కి తొందరపెడితే ఇంకో డాక్టరుని అడగండి. జ్వరం వచ్చినా, అక్కడ వాచి గడ్డలా ఎర్రబడినా, చీము కనిపించినా, గాలి గాని విరేచనం గాని ఆపుకోలేకపోతున్నా, రక్తం ధారగా పోతున్నా, ఐరన్ వేసుకోకుండానే తారులా నల్లగా అవుతున్నా ఇంటి వైద్యం కట్టిపెట్టి ఆ రోజే వెళ్ళాలి. మా వైపు వాళ్ళకి తెనాలి ప్రభుత్వాసుపత్రి ఉంది, అవసరమైతే గుంటూరు పెద్దాసుపత్రి. ఆసుపత్రిలో కాన్పయిన వాళ్ళ ఇంటికి ఆశా కార్యకర్త మూడో రోజు నుంచి నలభై రెండో రోజు లోపల ఆరుసార్లు రావాలి. ఆమె కూడా ఆడదే, ఆమెతో చెప్పడానికి సిగ్గెందుకు? ఆమెకి చెబితే ఎక్కడికి పంపాలో ఆమెకి తెలుస్తుంది.

మొన్న మా పిన్ని కూతురు పురిటికొచ్చింది. మా ఊరు 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది గాని, పిన్ని ఇల్లూ మా ఇల్లూ అదే వీధిలో ఎదురెదురుగానే ఉన్నాయి. నేను చూడ్డానికి వెళ్ళేసరికి మంచం పక్కన చెంబు నిండా నీళ్ళు, పళ్ళెంలో రెండు అరటిపళ్ళు. నాయనమ్మ ఇప్పుడు లేదు, ఉంటే ఏమనేదో. ఆశా అమ్మాయి వచ్చి పాప బరువు చూసి, బొడ్డు చూసి, పుస్తకం మూసేస్తుంటే మా అమ్మ ఆపింది.

"పిల్ల సంగతి సరే. తల్లికి విరేచనం సాఫీగా అవుతోందా అని అడగవేంటమ్మా?"

మంచం మీద పిల్ల సిగ్గుతో దుప్పటి ముఖం మీదకి లాక్కుంది. అమ్మ ఆ దుప్పటి లాగేసి, "చెప్పవే!" అంది.